షాతో: కోట నుంచి ద్రాక్షతోట దాకా

కోట అనే అర్థమున్న లాటిన్ పదం 'కాస్టెల్లుమ్' నుంచి పుట్టిన ఫ్రెంచి మాట 'షాతో', బోర్డో ప్రాంతంలో క్రమంగా ద్రాక్షతోట, వైను తయారుచేసే శాల, పీపాల గిడ్డంగి కలిసిన ఎస్టేటుకు పేరైంది; అక్కడ బురుజులే కాదు, చెప్పుకోదగ్గ భవనం కూడా ఉండనక్కరలేదు. 1855లో పారిస్ ప్రదర్శన కోసం అక్కడి ఎర్ర వైనులను ధరలను బట్టి ఐదు శ్రేణులుగా విభజించినప్పుడు లాఫీత్, లాతూర్, మార్గో, ఓ-బ్రియోఁ మొదటి శ్రేణిలో నిలిచాయి.

అయితే ఈ మాటకు నిజమైన బరువు తెచ్చింది సీసాయే. అంతకుముందు వైను చాలావరకు పీపాల్లోనే వర్తకుల చేతికి వెళ్ళి, వారి గిడ్డంగుల్లో సీసాలకెక్కేది గనుక, దాని స్వచ్ఛతకు తోట యజమాని పూచీపడే వీలుండేది కాదు. 1924లో మూతోఁ అనే ఎస్టేటును నిర్వహిస్తున్న బారన్ ఫిలిప్ ద రోత్‌షిల్డ్ పంట మొత్తాన్నీ ఎస్టేటులోనే సీసాల్లో నింపించాక, లేబులు మీద 'షాతోలో నింపినది' అన్న మాట క్రమంగా నాణ్యతకు హామీ అయింది. 1855లో రెండో శ్రేణికి పరిమితమైన ఆ మూతోఁకు 1973లో మొదటి శ్రేణి దక్కింది.