తాతగారి రైఫిలు : చరిత్ర, చట్టము

వలసవచ్చిన మన కుటుంబములలో పూర్వుల ఆస్తిగా పొలము దస్తావేజులు, తాళపత్రములు, వెండి చెంబులు మిగిలినట్లే, కొన్ని యిండ్లలో వేటతుపాకి కూడ మిగిలినది. దస్తావేజులను ఇనప్పెట్టెలో భద్రపరతుము; తుపాకిని అటకపై మరచుదుము. కాని ఆ రైఫిలు కూడ ఒక దస్తావేజే. దానిని చదువుటయు, చట్టప్రకారము నమోదు చేయించుటయు వారసుని విధులు.

1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన ఆయుధ చట్టము భారతీయుడు లైసెన్సు లేనిదే తుపాకి పట్టరాదన్నది. ఐరోపావారికి మాత్రము దాని నియమములలో మినహాయింపు యుండెను. ఈ పక్షపాతమును కాంగ్రెసు మహాసభలు తొలినాళ్ల నుండియు ఖండించినవి. అట్టి దినములలో కలెక్టరుగారి సంతకముగల లైసెన్సు పొందుట గొప్ప గౌరవముగ నెంచబడెడిది. అందుచేత తాతగారి లైసెన్సు పుస్తకము కుటుంబ చరిత్రలో ఒక పుట. స్వతంత్ర భారతదేశము 1959లో కొత్త చట్టము చేసినది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను.

ఇక రైఫిలును చదువుట యెట్లు? లోపల తూటా యున్నదేమో లైసెన్సుగల తుపాకుల పనివాడు చూచిన పిమ్మటనే తక్కిన పరిశీలన. గొట్టముపై మద్రాసు పి. ఆర్ అండ్ సన్స్, ఓక్స్ కంపెనీ, కలకత్తా మాంటన్, రోడా వంటి పేర్లు కనుపించవచ్చును. అవి తరచు అమ్మినవారి పేర్లు. చేసినవారు ఇంగ్లండులో నుందురు. గొట్టము అడుగున నుండు పరీక్షాముద్రలు చూడవలెను. లండనులో తుపాకి పనివారి సంఘము 1637 నాటిది. బర్మింగుహాము పరీక్షాశాల 1813 నాటిది. ‘ఎన్.పి.’ యను అక్షరములున్నచో పొగలేని మందుకు పరీక్షింపబడినదని యర్థము. నల్లమందుకు మాత్రమే పరీక్షింపబడిన గొట్టములో నేటి తూటా ప్రేల్చుట ప్రాణాపాయము. తూటా కొలత కూడ కాలమును తెలుపును. హాలండ్ అండ్ హాలండ్ వారి .465 కొలత 1907లో వచ్చినది గనుక, ఆ కొలతగల రైఫిలు అంతకు పూర్వపుది కానేరదు. అన్నిటికంటె ముఖ్యము వరుస సంఖ్య. కొన్ని ఇంగ్లీషు కంపెనీల పాతలెక్కలలో ఆ సంఖ్యను బట్టి మొదటి కొనుగోలుదారు వివరము దొరకును. తుప్పు వదలించుటకని గరుకుకాగితముతో రుద్దినచో ఈ సాక్ష్యమంతయు పోవును. పైగా గుర్తింపు సంఖ్యను చెరిపివేయుట చట్టములోని 8వ సెక్షను ప్రకారము నిషిద్ధము.

లైసెన్సుదారు మరణించినచో తుపాకి దానంతట అది వారసునిది కాదు. ఆలసింపక దానిని పోలీసుస్టేషనులోగాని, లైసెన్సుగల వర్తకుని యొద్దగాని అప్పగించి రసీదు పొందవలెను. పిమ్మట వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసికొనవచ్చును. 2016 నియమముల ప్రకారము, 70 ఏండ్లు నిండిన లేక తుపాకిని 25 ఏండ్లు ఉంచుకొనిన లైసెన్సుదారు తన జీవితకాలముననే వారసుని సూచింపవచ్చును. సాధారణముగ వారసునికి 21 ఏండ్లు నిండియుండవలెను. 2019 సవరణతో ఒక్కరికి రెండు తుపాకులే హద్దు. వారసత్వపు తుపాకియు ఆ లెక్కలోనిదే. బాగుచేసినను ప్రేలని పాతకాలపు ఆయుధమునకు 45వ సెక్షను మినహాయింపు నిచ్చినది. అయితే బాగుచేసిన ప్రేలు ఆయుధము దాని క్రిందికి రాదు. ఈ భేదమును మనమే తేల్చుకొనక అధికారులచే తేల్పించుకొనుట క్షేమము.

ప్రవాసాంధ్రులకు మరొక చిక్కు కలదు. 1936 ఏప్రిలు 1న బరంపురము ఒరిస్సాలో చేరినది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరులో చేరినది. ఇల్లు కదలకుండగనే రాష్ట్రము మారినది. కనుక మద్రాసు ప్రభుత్వ ముద్రగల పాత కాగితములను పనికిరానివని పారవేయరాదు. తుపాకి యెవరి చేతినుండి యెవరి చేతికి వచ్చినదో చూపునవి అవియే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వేటల కాలము గతించినది. గతింపవలసినదే. కాని ఆ కాలపు సాక్ష్యము గతింపనక్కరలేదు. ఈ యుగాదికి బంధువులందరు కూడినపుడు ఆ లైసెన్సు ఎవరి పేర నున్నదో, పుస్తకమెక్కడ నున్నదో పెద్దలనడిగి వ్రాసియుంచుడు. చెప్పగల పెద్దలుండగనే ఆ పని జరుగవలెను.