నాగు, లెవీ, రైతు

నిజాం కాలపు తెలంగాణలో పేదరైతు ధాన్యం బేరం కోతలనాడు కుదిరేది కాదు. తిండిగింజల కోసం దొర గడీ ముందు చేతులు కట్టుకు నిలబడ్డనాడే కుదిరేది. దాని పేరు నాగు. పుట్టి తెచ్చినవాడు పంటకు పుట్టిన్నర కొలవాలి. నూటికి యాభై వడ్డీ! రాత దొరది, కొలతా దొరదే. ఇక రైతుకు ముట్టే పైకం మాటెక్కడిది?

రెండవ ప్రపంచయుద్ధకాలంలో దీనికి సర్కారు లెవీ తోడయింది. లెవీ ధర బజారు ధరకు తక్కువ. వందల ఎకరాల దేశ్‌ముఖులు తప్పించుకోగా బరువంతా చిన్నరైతుపై పడింది. కల్లంలో లెవీ కొలిచినవాడే తిండికి మళ్లీ నాగుకు పోయేవాడు. కరువు నివారణకన్న చట్టం, చిత్రంగా, గడీకే గిరాకీ పెంచింది. ఆంధ్రమహాసభ సంఘాలు లెవీని, వెట్టిని, బేదఖళ్లను విడదీయకుండా ఎదిరించడానికి కారణమిదే. 1940ల నడుమ పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను కోసుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖు మనుషులు వచ్చారు. సంఘం వారిని తరిమింది. ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది.