విషమంత్రములు - విషవైద్యము

కూచిపూడి మొదలు దివిసీమ వరకు గల మాగాణి గ్రామములలో తేలుమంత్రము, పాముమంత్రము అను మాటలు వినని ఇల్లు లేదు. ఊడ్పులు, కలుపుతీతలు, కోతలు, కుప్పనూర్పులు - ఇవన్నియు పాములు తిరుగు చోట చేయవలసిన పనులే. ఎలుక కొరకు పాము పొలముగట్టునకును, గడ్డివామికిని వచ్చును. ఎడ్లబండియు, కాలువపడవయు తప్ప వేరు ప్రయాణసాధనము లేని దినములలో కాటుపడినవానికి దిక్కు ఊరి మంత్రగాడే.

ఆ చికిత్సకు మూడు అంగములు: క్రియ, మంత్రము, ధ్యానము. వేపమండతో పైనుండి క్రిందికి తుడుచుట క్రియ. పెదవి కదలీకదలక జపించునది మంత్రము. ఇక ధ్యానము: సర్పవైరియగు గరుత్మంతుని మనస్సున నిలుపుకొని, తానే గరుడుడనని భావించుట. ప్రాచీన గారుడతంత్రములు ఈ భావననే బోధించినవి. నందికేశ్వరుని అభినయదర్పణమున సంయుతహస్తములలో గరుడము, నాగబంధము రెండును కలవు. కూచిపూడి వారి రంగస్థలమునకును, మంత్రగాని అరుగునకును ఈ ఊహ ఉమ్మడి సొత్తు.

మంత్రగానికి కట్టుబాట్లుండెడివి. గ్రహణవేళ నీట నిలిచి జపించి మంత్రసిద్ధి పొందవలెను. ధనము పుచ్చుకొన్నచో మంత్రము పారదు. అర్ధరాత్రి పిలుపు వచ్చినను కాదనరాదు. ఈ నిస్వార్థసేవ వలననే గ్రామమున వానికి గౌరవము కలిగెను.

మంత్రము ఫలించినట్లు కనబడుటకు కారణము లేకపోలేదు. నీరుకట్టు, జెర్రిపోతు మొదలగువాటికి మనుష్యుని చంపు విషము లేదు. ప్రాణాపాయము కలిగించునవి ముఖ్యముగా నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఇవియు ఒక్కొకప్పుడు విషమెక్కింపకయే కరచును. తేలు కుట్టిన నొప్పియు పెక్కుమారులు కొన్ని గంటలలో తనంతట తగ్గును. బ్రతికినవాడు మంత్రమును పొగడెను. చనిపోయినవానికి ఆయువు తీరెననిరి. కట్లపాము కాటు మరియు మోసకరమైనది. నేలపై నిద్రించువానిని రాత్రివేళ కరచును. నొప్పియు, వాపును అంతగా ఉండవు. మంత్రము పనిచేసెనని సంతోషించుచుండగనే కనురెప్పలు వాలి, ఊపిరి నిలుచును.

మన పూర్వులు ఈ సంగతి ఎరుగనివారు కారు. మంత్రమును మిక్కిలి గొప్పదిగా చెప్పిన సుశ్రుతసంహితయే, కల్పస్థానమున, స్వరవర్ణలోపము గలిగిన మంత్రము సిద్ధింపదు కావున ఔషధమును ప్రయోగింపవలెనని విధించెను. ఆ ఔషధము 1894లో ఫ్రాన్సు దేశపు కాల్మెట్ మొదలగువారి పరిశోధన వలన లభించెను. గుఱ్ఱమునకు కొద్దికొద్దిగా విషమెక్కించి, దాని రక్తమునుండి విషహరమగు రసమును తీయుట ఆ పద్ధతి. ఎఱ్ఱతేలు కాటునకు ప్రాజోసిన్ అను మందు ప్రాణరక్షకమని 1980 తరువాత మహారాష్ట్రమున మహాడ్ పట్టణమందలి డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ నిరూపించెను.

2018 ఆగస్టులో దివిసీమయందు పాముకాట్లు మిక్కుటము కాగా, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరాలయమున సర్పయాగము జరిగినది. హేతువాదులు దానిని విమర్శించిరి. భయపడిన జనులకు యాగము ఓదార్పు కావచ్చును. విషమును విరుచునది మాత్రము సూదిమందే. 2000 నుండి 2019 వరకు భారతదేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు అంచనా వేసిరి. వారిలో అత్యధికులు పల్లెవాసులు.

కావున కాటుపడినవానిని కదలనీయక, ధైర్యము చెప్పి, గట్టికట్లు కట్టక, గాయమును కోయక, తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. చీకటిలో దీపము లేక నడువరాదు. నేలపై దోమతెర లేక పరుండరాదు. వెనుకటి మంత్రగాడు అర్ధరాత్రి లేచి, ప్రతిఫలము కోరక పరుగెత్తి వచ్చెను. ఆ గుణము గ్రామమునకు నేడును కావలసినదే. అయితే ఆ పరుగు రోగిని ఆసుపత్రికి చేర్చు పరుగు కావలెను.