అంగడి గొడవలో మున్సిపాలిటీ మాట

మున్సిపల్ మార్కెట్‌లో ఓ దుకాణం ఉందనుకోండి. వేలంలో పాడుకుని లైసెన్సు పొందింది అన్న, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది తమ్ముడు. ఇద్దరికీ చెడింది. తనను ఖాళీ చేయించకుండా ఇంజంక్షన్ ఇవ్వమని తమ్ముడు అన్న మీద దావా వేశాడు. గోడలూ కప్పూ పట్టణానివి, దావా కాగితాల్లో మాత్రం మున్సిపాలిటీ పేరే లేదు. పిలవకపోయినా అది కోర్టు గడప తొక్కవచ్చా? జవాబు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 1, రూల్ 10(2)లో ఉంది. ఈ గొడవకు పనికొచ్చే మాటలను ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

లైసెన్సు: 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇది ఇతరుల స్థిరాస్తిలో ఒక పని చేసుకునేందుకు అనుమతి మాత్రమే, ఆ ఆస్తిలో వాటా కాదు. మామూలుగా దీన్ని మరొకరికి బదలాయించడమూ కుదరదని 56వ సెక్షన్ చెబుతుంది. ‘అన్న నాకు రాసిచ్చాడు’ అని తమ్ముడు అంటే, ఆ రాత చెల్లుతుందా అన్న ప్రశ్న ఆస్తి యజమానిని తాకి తీరుతుంది. మున్సిపాలిటీకి పట్టింపు మొదలయ్యేది ఇక్కడే.

ఏ దశలోనైనా: దావాలో చేర్చమని వేసే ఇంప్లీడ్ పిటిషన్ మీద గానీ, ఎవరూ అడగకపోయినా గానీ, దావా ఏ దశలో ఉన్నా కోర్టు కొత్తవారిని చేర్చవచ్చు. అంత మాత్రాన ఆలస్యం మంచిది కాదు. సాక్షుల విచారణ ముగిశాక వస్తే అందరికీ శ్రమే.

చేర్చవచ్చు: ఇది కోర్టు విచక్షణ. ఎవరి మీద దావా వేయాలో ఎంచుకునేది వాది. మున్సిపాలిటీకి ఉన్నది కోరే హక్కు, చేరి తీరే హక్కు కాదు.

తప్పనిసరి కక్షిదారు: కస్తూరి కేసులో (2005) సుప్రీంకోర్టు రెండు పరీక్షలు చెప్పింది. ఆ వ్యక్తి మీద ఏదో ఒక ఉపశమనం (రిలీఫ్) కోరే హక్కు ఉండాలి. అతను లేకుండా పనికొచ్చే డిక్రీ ఇవ్వలేని స్థితి ఉండాలి. మున్సిపల్ రిజిస్టరులో తన పేరు ఎక్కించమని తమ్ముడు అడిగితే, ఎక్కించాల్సింది మున్సిపాలిటీయే కనుక అది లేకుండా దావా నిలవదు.

సముచిత కక్షిదారు: తాము లేకపోయినా డిక్రీ ఇవ్వడానికి అడ్డులేకున్నా, వివాదం పూర్తిగా తేలడానికి ఉండాల్సినవారు. ఇక్కడ రమేశ్ హీరాచంద్ కుందన్‌మల్ కేసు (1992) గుర్తుంచుకోవాలి. అక్రమ కట్టడాలంటూ బొంబాయి కార్పొరేషన్ ఇచ్చిన నోటీసుపై ఒక పెట్రోలు బంకు డీలరు దావా వేశాడు. అందులో చేరతానన్న హిందుస్థాన్ పెట్రోలియంను సుప్రీంకోర్టు కాదంది. వ్యాపారపరమైన ఆసక్తి చాలదు, తీర్పు వల్ల తన చట్టబద్ధమైన హక్కుకే కోత పడాలి. అదే కొలబద్ద మున్సిపాలిటీకీ వర్తిస్తుంది. పిటిషన్‌లో ‘లైసెన్సు ఇచ్చింది మేమే’ అంటే సరిపోదు. ఏ షరతు దెబ్బతింటుందో, ఏ హక్కు పోతుందో చూపాలి.

పూర్తిగా తేల్చడం: నియమానికి గుండెకాయ ఈ మాట. మున్సిపాలిటీ లేకుండా వచ్చిన డిక్రీ మామూలుగా దాన్ని కట్టిపడేయదు. గెలిచిన తమ్ముడు డిక్రీ నకలు పట్టుకుని ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడితే ‘మాకు సంబంధం లేదు’ అంటారు. ఏళ్ల తరబడి తిరిగినవాడు మళ్లీ మొదటి మెట్టు మీదికే వస్తాడు, ఇంకో దావా మొదలవుతుంది.

కనుక కోర్టులో చేరడం మున్సిపాలిటీకి పెత్తనం కాదు, ఊరి ఆస్తికి కాపలా ఉన్నవారి బాధ్యత. తీర్పు వచ్చాక కౌంటర్‌లో కాదనడం కంటే, తీర్పుకు ముందే జడ్జి ఎదుట తన మాట చెప్పుకోవడం ధర్మం.