మూణ్ణాళ్ల భృతి

2018 ఎన్నికలకు వెళ్తూ ఛత్తీస్‌గఢ్ కాంగ్రెస్ తన మేనిఫెస్టోలో నిరుద్యోగ యువతకు నెలకు 2,500 రూపాయలు ఇస్తామని రాసింది. బస్తర్ నమ్మింది. డివిజన్‌లోని 12 సీట్లలో 11 ఆ పార్టీకే కట్టబెట్టింది. మరుసటి ఏడాది ఉప ఎన్నికలో దంతెవాడ కూడా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఎదురుచూపులు మొదలయ్యాయి. జగదల్‌పూర్ నుంచి మన చింతూరు దాటగానే తగిలే కొంటా దాకా, డిగ్రీ పట్టాలు పెట్టెల్లో పడి ఉండగానే నాలుగేళ్లు గడిచిపోయాయి.

మళ్లీ ఎన్నికలు దగ్గరపడిన 2023లో, ఏప్రిల్ 1న, భృతి పుట్టింది. నిబంధనలను వెంటబెట్టుకునే పుట్టింది. వయసు 18కి తగ్గకూడదు, 35 దాటకూడదు. పన్నెండో తరగతి పాసై ఉండాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు మించకూడదు. ఉపాధి కార్యాలయంలో పేరు నమోదై రెండేళ్లు నిండి ఉండాలి. అంతకు ముందు ఏడాదే పన్నెండు పాసై అప్పుడే పేరు రాయించుకున్న కుర్రాడు ఎంత పేదవాడైనా అనర్హుడే. ఇంటికి ఒక్కరికే భృతి. అక్కా తమ్ముడూ ఇద్దరూ అర్హులైతే వయసులో పెద్దవాళ్లకే దక్కేది.

ఈ నిబంధనలు రాయ్‌పూర్‌లో ఒకలా, అడవి పల్లెలో మరోలా పనిచేశాయి. 2005లో మావోయిస్టుల మీద సల్వా జుడుం అనే సాయుధ దండు మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో వందల బడులు మూతపడ్డాయి. బడే లేని ఊళ్లో పెరిగిన పిల్లను పన్నెండో తరగతి మార్కుల జాబితా తెమ్మంటే ఎక్కణ్నుంచి తెస్తుంది? చదువు పోగొట్టుకున్నవాళ్లు ఆ నిబంధన దగ్గరే ఆగిపోయారు. వాళ్లలో చాలామందికి దిక్కు, ఏటా మిరపకాయల కోతకు తెలంగాణ దారి పట్టడమే. 2020 లాక్‌డౌన్‌లో ఆ మిరప చేల నుంచి ఇంటికి కాలినడకన బయల్దేరిన ఒక చిన్నపిల్ల, సొంత ఊరు చేరకముందే ప్రాణం విడిచింది.

చదివినవాళ్లకైనా దారి సులువు కాలేదు. ముందు ఆన్‌లైన్ దరఖాస్తు, ఆ తర్వాత చెప్పిన రోజున అసలు పత్రాలతో హాజరు. నివాస పత్రం, నమోదు కార్డు, బ్యాంకు పాస్‌బుక్, తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువీకరణ పత్రం అన్నీ ఉండాలి. ఆదాయ పత్రం ఏడాది లోపుదే కావాలి. ఒక్క కాగితం పాతబడితే బస్సు ఛార్జీ, ఆ రోజు కూలీ రెండూ దండగే. కాదన్నవాళ్లకు కలెక్టర్ దగ్గర అప్పీలు చేసుకునే వీలుండేది. అన్నీ దాటినవాళ్లకు భృతి ఏడాది పాటు అందాలి, పని దొరక్కపోతే మరో ఏడాది పొడిగించాలి. కాగితం మీద అదీ మాట.

2023 నవంబరు 7న బస్తర్ ఓటేసింది. డిసెంబరు 3న లెక్క తేలింది. ఈసారి 12లో 8 బీజేపీకి వెళ్లాయి, రాయ్‌పూర్‌లో ప్రభుత్వం మారింది. భృతి ఆగిపోయింది. రెండో ఏడాది మాట దిక్కులేనిదైంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త కథేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి యువనేస్తం 2018 అక్టోబరు 2న వెయ్యి రూపాయలతో మొదలై, ఎన్నికల ముందు రెండు వేలకు పెరిగి, 2019లో ప్రభుత్వంతో పాటే పోయింది. తెలంగాణలో 2018 ఎన్నికల్లో హామీ ఇచ్చిన 3,016 రూపాయల భృతి అసలు పుట్టనే లేదు.

బస్తర్‌లో అనర్హుడని రాస్తే ఆ కాగితం పట్టుకుని కలెక్టర్ దగ్గరికి పోవచ్చు. ఆదాయం తప్పు లెక్కేశారనవచ్చు, నమోదు తేదీ చూపించవచ్చు. అర్హుడిగానే ఉంచి డబ్బు వేయడం మానేస్తే ఏ కాగితం పట్టుకుపోవాలి? ఎన్నికల హామీగా వచ్చినదాన్ని మరో ఎన్నిక పట్టుకుపోతే అడిగే కిటికీ లేదు.

హామీ బదులు చట్టం ఉంటే సరిపోతుందా అంటే, అదీ చాలదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని అడిగిన 15 రోజుల్లో పని చూపాలంది. చూపకపోతే మొదటి 30 రోజులు కూలీలో కనీసం నాలుగో వంతు, ఆపైన కనీసం సగం భృతిగా ఇమ్మంది. బస్తర్, దంతెవాడ రెండూ ఆ చట్టం తొలి విడత జిల్లాలే. కానీ పదిహేను రోజుల లెక్క మొదలవ్వాలంటే పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు కావాల్సి వచ్చేది. నోటిమాటగా అడిగితే రసీదు పుట్టేది కాదు, రసీదు లేకపోతే బాకీ పుట్టేది కాదు. అందుకే ఆ భృతి కళ్లజూసినవాళ్లు దేశంలోనే అరుదు.

ఒక భృతికి డబ్బు వచ్చింది, దాన్ని నిలబెట్టే చట్టం లేదు. ఇంకొకదానికి చట్టం వచ్చింది, రసీదు రాసే చెయ్యి రాలేదు. బస్తర్ కుర్రాళ్లు రెండింటి దగ్గరా వరసలో నిలబడ్డారు. ఓడిపోయిన పార్టీకి అయిదేళ్లకు మరో ఎన్నిక వస్తుంది. 35 దాటినవాడికి మళ్లీ 34 రాదు.