పొయ్యి లెక్క: పల్నాటి మెట్టలో ఉమ్మడి కుటుంబం, సర్కారు సాయం

పని లేని మనిషికి సాయం చేయదలచిన ప్రతి ప్రభుత్వమూ అతడికి పని ఉందా, ఆస్తి ఉందా అన్న ప్రశ్నలతో పాటు అతడు ఎవరి ఇంట ఉంటున్నాడు, ఎవరి వంట తింటున్నాడు అని కూడా అడుగుతూ వచ్చింది. ఆదాయాన్ని బట్టి అర్హతను నిర్ణయించే ఏ పథకమైనా ముందుగా ఆ ఆదాయం ఎంతమందిదో తేల్చుకోక తప్పదు; ఆ లెక్కలోకి అన్న జీతం వస్తుందా, తండ్రి పొలం వస్తుందా, వేరుపడిన తమ్ముడి కూలి వస్తుందా అన్నదాన్ని బట్టి ఒకే మనిషి ఒక కాగితం మీద పేదవాడిగానూ మరో కాగితం మీద కలిగినవాడిగానూ కనిపిస్తాడు. కృష్ణానది దక్షిణపు ఒడ్డున పత్తి, మిరప పండే మెట్టభూముల నడుమ ఉన్న అచ్చంపేట, దాని చుట్టూ ఉన్న పల్నాటి ఊళ్లు ఈ ప్రశ్నను కరువుల కాలం నుంచి బియ్యం కార్డుల కాలం దాకా ఏదో ఒక రూపంలో ఎదుర్కొంటూనే ఉన్నాయి.

ఈ చరిత్రకు పునాది కుటుంబం గురించిన పాత న్యాయంలో ఉంది. ఆంధ్రదేశంలోని హిందూ కుటుంబాలకు వర్తించినది మితాక్షర న్యాయం, అంటే యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం ఆధారంగా స్థిరపడిన వారసత్వ పద్ధతి. దాని ప్రకారం బ్రిటిష్ కాలపు న్యాయస్థానాలు ఏ కుటుంబమైనా తిండిలోనూ పూజలోనూ ఆస్తిలోనూ ఉమ్మడిగానే ఉన్నదని ముందుగా భావించి, కాదన్నవారి మీదే రుజువు భారం మోపేవి. అన్నదమ్ములు వేర్వేరుగా వండుకుంటున్నంత మాత్రాన పంపకం జరిగిపోయినట్టు కాదని, తోడికోడళ్లకు పొసగక పొయ్యి వేరైనా పొలం ఉమ్మడిగానే ఉండవచ్చని ఆ న్యాయం గుర్తించింది. పొయ్యి అక్కడ ఒక సాక్ష్యం మాత్రమే; దాని ఒక్కదాని బలంతో తీర్పు వచ్చేది కాదు. తరవాత వచ్చిన సహాయ చట్టాలు ఈ వరుసను తలకిందులు చేసి, ఆస్తిని పక్కన పెట్టి పొయ్యినే ప్రమాణం చేసుకున్నాయి.

1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన కరువుకు, జనం డొక్కల కరువు అని చెప్పుకున్న ఆ విపత్తుకు, ఎవరికి సాయం ఇవ్వాలో చెప్పే నియమావళి ఏదీ లేదు. సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయినట్టు అంచనా. ఆ అనుభవం కృష్ణా ఆనకట్ట ఆలోచనకు బలమిచ్చింది. 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. అయితే ఆ నీరు దిగువనున్న డెల్టాకే గానీ ఎగువనున్న మెట్టకు ఎక్కదు గనుక, నది పక్కనే ఉన్నా అచ్చంపేట వైపు పొలాలు వానమీదే ఆధారపడి మిగిలాయి. ఒకే జిల్లాలో ఒక సగానికి కాలువ, మరో సగానికి కరువు పని అన్న విభజన అప్పుడే మొదలైంది.

1876-78 నాటి మహా కరువు వచ్చేసరికి గుంటూరు ప్రత్యేక జిల్లాగా లేదు. 1859లో రద్దయి కృష్ణా జిల్లాలో కలిసిపోయింది, మళ్లీ 1904లో గానీ ఏర్పడలేదు. ఆ కరువులో మద్రాసు ప్రభుత్వం మొదట కొంత ఉదారంగా పనులు తెరిచినా, కేంద్రం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 తొలి నెలల్లో ఖర్చు తగ్గించే పనిలో పడి, పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన ఒక అణా చాలని తేల్చాడు. మద్రాసు ఆరోగ్య శాఖ కమిషనరు కార్నిష్ ఆ తిండితో కూలివాడు బతకడని గట్టిగా వాదించాక ఆ కూలి కొంత సడలింది. ఈ వివాదానికి పుస్తకాల్లో బాగానే చోటు దక్కింది గానీ, నివాసానికి సంబంధించిన పరీక్షల మీద అంతటి చర్చ కనిపించదు. ఇంటికి దూరంగా తెరిచిన పనికి వెళ్లడానికి ఒప్పుకున్నవాడే నిజంగా అవసరంలో ఉన్నవాడని అధికారులు భావించారు. దీన్నే దూరపు పరీక్ష అన్నారు. ఊళ్లో ఉన్న ముసలితల్లినీ పాలుతాగే బిడ్డనూ వదిలి పోలేని స్త్రీ ఆ పరీక్షలో సహజంగానే తప్పేది. ఆమె ఆకలిని ఆ పరీక్ష కొలవలేదు, ఆమె ఇంటిని మాత్రమే కొలిచింది.

సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాన్ని అనుసరించి మద్రాసు రాజధానికి 1883లో కరువు నియమావళి తయారైంది. పని చేయగలిగినవారికి సహాయ పనులు, చేయలేనివారికి ఊళ్లోనే ఉచిత సాయం అన్నది దాని మూలసూత్రం. ఉచిత సాయం పొందదగినవారిలో గుడ్డివారు, అవిటివారు, ముసలివారు, మతి చలించినవారు, ఇంట్లో రోగినో పసిబిడ్డనో విడిచి రాలేనివారు, ఆచారం కారణంగా నలుగురిలోకి రాని స్త్రీలు ఉన్నారు. కానీ వారిని పోషించగల, పోషించవలసిన బంధువులు ఉండకూడదన్న షరతు ఈ జాబితా మొత్తాన్ని కమ్ముకొని ఉంది. జాబితా రాసేది గ్రామాధికారులే, అంటే మునసబు, కరణం. ఎవరికి ఎవరు పోషకులో తెలిసినవారు వారే కాబట్టి ఆ ఏర్పాటు తెలివైనదే. ఎవరితో ఎవరికి పగ ఉందో, ఎవరు ఏ కులంవారో కూడా వారికే తెలుసు కాబట్టి అది ప్రమాదకరమైనది కూడా. కొడుకు వేరు కాపురం పెట్టి పదేళ్లయిన ముసలమ్మ పోషణ ఉన్నదా, లేనిదా అన్నది కరణం కలం తేల్చవలసిన విషయమైంది.

ఇదే చిక్కు సముద్రాలకు ఆవల మరో రూపంలో ఎదురైంది. బ్రిటన్‌లో 1931 నవంబరు నుంచి, బీమా గడువు తీరిపోయిన నిరుద్యోగులకు భృతి ఇచ్చేముందు ఇంట్లో అందరి ఆదాయాన్నీ లెక్కగట్టే పద్ధతి అమలైంది. కొడుకు జీతం, కూతురి కూలి, ముసలితండ్రి పింఛను అన్నీ నిరుద్యోగి ఖాతాలోకే చేరి, ఆ మేరకు అతడి భృతి తగ్గేది. దాంతో సంపాదిస్తున్న పిల్లలు తల్లిదండ్రుల భృతి కాపాడడానికి ఇల్లు విడిచి అద్దె గదులకు పోవడం, ముసలివారు కొడుకుల ఇళ్లలో బరువు కావడం మొదలైంది. జార్జ్ ఆర్వెల్ 1937 నాటి తన గ్రంథంలో ఈ విచ్ఛిన్నతను ప్రస్తావించాడు. 1941లో చట్టం చేసి ఆ ఇంటి పరీక్షను తొలగించారు. పల్నాటి కరణం జాబితాకూ బ్రిటన్‌లోని లాంకషైర్ గుమాస్తా దరఖాస్తుకూ మధ్య భాష వేరైనా, కలిసి బతికినందుకు పడే శిక్ష ఒకటే.

స్వాతంత్ర్యం తరవాత తెలుగునాట కుటుంబాన్ని కాగితం మీద విడగొట్టడం మొదట నేర్చినవారు పేదలు కారు. 1973 నాటి భూసంస్కరణల చట్టం, అంటే ఒక కుటుంబం ఉంచుకోగల సాగుభూమికి పరిమితి పెట్టిన చట్టం, కుటుంబ యూనిట్ అంటే భార్యాభర్తలు, మైనరు పిల్లలు అని నిర్వచించింది. 1977లో చేర్చిన సవరణ భూమి లేని మేజరు కొడుకుల పేరున పరిమితిని పెంచింది. ఆ కాలంలో రాసుకున్న పంపకాల కాగితాలు చాలా ఇళ్లలో నిజమైన పంపకాలు కావు, పొయ్యి ఒకటే ఉండేది. కూలివాడు తరవాత రేషన్ కార్డు విడగొట్టుకుంటే దాన్ని మోసమన్నవారు ఈ పాత కాగితాలను న్యాయవాది చాతుర్యంగా మాత్రమే చూశారు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో ఇంటి లెక్క ప్రతి ఊరికీ చేరింది. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తలకు 5 కిలోల చొప్పున, ఇంటికి గరిష్ఠంగా 25 కిలోలు ఇచ్చేవారు. ఐదుగురి ఇంటికీ తొమ్మిదిమంది ఇంటికీ ఒకే 25 కిలోలు అన్నప్పుడు ఉమ్మడి కాపురం ఖరీదైన వ్యవహారమవుతుంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం సాధారణ కార్డుకు తలకు 5 కిలోల లెక్క పెట్టడంతో బియ్యం విషయంలో ఈ ఒత్తిడి తగ్గింది; కానీ అప్పటికి ఆ కార్డు బియ్యం కోసమే ఉన్న కార్డు కాదు, పింఛనుకూ ఇంటికీ ఆసుపత్రికీ కూడా అదే ద్వారం. 1995లో కేంద్రం ప్రారంభించిన వృద్ధాప్య పింఛను సైతం సొంత ఆధారం గానీ కుటుంబ సభ్యుల ఆసరా గానీ లేని నిరుపేదలకే అని చెప్పింది, అంటే 1883 నాటి షరతు వందేళ్లు దాటాక కూడా దాదాపు అదే రూపంలో నిలిచింది.

నిరుద్యోగ భృతి అన్న హక్కు తెలుగునాట గ్రామీణ కూలికి చట్టరూపంలో దక్కినది 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంతో. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం రెండో విడతలో, 2007లో, గుంటూరు జిల్లాకు వచ్చింది. ఊళ్లలో నేటికీ కరువు పని అనే పిలిచే ఈ పనికి ఆ చట్టం ఆదాయ పరీక్ష పెట్టలేదు. ఎండలో మట్టి తవ్వడానికి సిద్ధపడటమే పరీక్ష. ఆ మేరకు ఇది పాత నియమావళి కంటే మర్యాదైనది. అయినా ఇంటి లెక్క ఇందులో మరోవైపు నుంచి ప్రవేశించింది. ఆ చట్టం ఇచ్చిన ఏడాదికి 100 రోజుల హామీ మనిషికి కాదు, కుటుంబానికి. రక్తసంబంధం, వివాహం, దత్తత ద్వారా బంధువులై సాధారణంగా కలిసి నివసిస్తూ, కలిసి భోంచేసేవారు లేదా ఒకే రేషన్ కార్డు ఉన్నవారు ఒక కుటుంబమని చట్టం నిర్వచించింది.

ఈ నిర్వచనం అచ్చంపేట వంటి చోట ఎలా పనిచేసిందో చూడాలంటే ఒక తల్లి, పెళ్లయిన ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు ఉన్న కూలి ఇంటిని ఊహించుకుంటే చాలు. మిరప కోతలు, పత్తి తీతలు అయిపోయాక, వేసవిలో పొలం పని లేనప్పుడు ఐదుగురూ ఉపాధి పనికి పోతే ఒకే ఉపాధి కార్డు మీద 100 రోజులు 20 పనిదినాల్లోనే అయిపోయేవి. అదే ఇల్లు మూడు కార్డులైతే 300 రోజులు. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ పైన కనీసం సగం నిరుద్యోగ భృతిగా రాష్ట్రం చెల్లించాలని చట్టం చెప్పింది. అయితే ఇంటిల్లిపాదికీ కలిపి 100 రోజుల పని దొరికినా, కూలీ భృతీ కలిపి 100 రోజుల కూలికి సమానమైనా ఆ బాధ్యత అక్కడితో తీరిపోయేది. తమ్ముడు చేసిన రోజులు అన్న భృతిని తినేసేవన్న మాట. పొయ్యి వేరు చేసుకోవడం ఇక్కడ కలహం కాదు, కుటుంబమంతా కలిసి వేసుకున్న లెక్క.

అచ్చంపేటకు తూర్పున రాష్ట్ర రాజధాని కోసం 2015లో భూసమీకరణ జరిగినప్పుడు, పొలాలు పోయి కూలి పోగొట్టుకున్న భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల చొప్పున పదేళ్లు ఇస్తామన్నారు. అది పేరుకు పింఛను, సారానికి నిరుద్యోగ భృతి. అక్కడ కూడా ఆ సొమ్ము మనిషికి కాదు, కుటుంబానికే.

చదువుకున్న నిరుద్యోగి వంతు 2018లో వచ్చింది. ఆ అక్టోబరు 2న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ప్రారంభించిన ముఖ్యమంత్రి యువనేస్తం కింద 22 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న డిగ్రీ, డిప్లొమా చదివిన నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చి, మరుసటి ఏడాది దాన్ని 2,000 చేశారు. ప్రభుత్వం మారడంతో పథకం ఆగింది. పేద కుటుంబాలకిచ్చే తెల్ల రేషన్ కార్డు ఉండాలన్నది అర్హతల్లో ఒకటి గనుక, అతడి చేతిలో డబ్బు లేకపోవడం ఒక్కటే సరిపోలేదు, అతడి ఇల్లంతా పేదదై ఉండవలసి వచ్చింది. 2019 తరవాత సంక్షేమ పథకాల అర్హతకు వచ్చిన ఆరు అంచెల పరిశీలన దీన్ని మరింత బిగించింది. పల్లెలో నెలకు 10,000 రూపాయల లోపు ఆదాయం, 3 ఎకరాల లోపు మాగాణి లేదా 10 ఎకరాల లోపు మెట్ట, నెలకు 300 యూనిట్ల లోపు కరెంటు వాడకం, ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ నాలుగు చక్రాల సొంత బండి గానీ లేకపోవడం అన్నవి ఇంటికంతటికీ కలిపి చూసే కొలతలు. మెట్టకు పదెకరాల వెసులుబాటు పల్నాటికి కొంత న్యాయం చేసినా, ఒకే మీటరు కింద రెండు కాపురాలున్న ఇంటికి కరెంటు బిల్లు శత్రువైంది. ఒక కుటుంబానికి ఒక పింఛను అన్న నిబంధన దీనికి తోడై, అత్తాకోడళ్లిద్దరూ వితంతువులైన ఇంట్లో ఎవరి పేరు ముందు పెట్టాలన్న ప్రశ్న తెచ్చింది.

ఈ నియమాలన్నింటి మధ్య ఎక్కువగా నలిగేది పెళ్లికాని నిరుద్యోగి. కార్డు విడగొట్టుకోవడానికి సాధారణంగా పెళ్లే ఆధారం కనుక, ముప్పై ఏళ్లొచ్చినా అతడు తండ్రి కార్డులోనే ఉంటాడు, తండ్రి పొలమూ అన్న ఉద్యోగమూ అతడి ఖాతాలోనే పడతాయి. 2013 నాటి భూసేకరణ చట్టం మాత్రం మేజరైన స్త్రీనైనా పురుషుణ్నైనా, పెళ్లి అయినా కాకపోయినా, వేరే కుటుంబంగానే పరిగణించాలంటుంది. ప్రభుత్వ అవసరానికి పొలం పోతే ఒక కుటుంబంగా లెక్కకు వచ్చే ఆ యువకుడు, ఉద్యోగం లేక భృతికి దరఖాస్తు పెట్టినప్పుడు తండ్రి ఇంట్లో ఒక పేరు మాత్రమే.