కంటికి కనిపించే ధర: ఢిల్లీ బజారులో బధిరుల బేరసారాలు

ఏ కొనుగోలైనా సాఫీగా సాగాలంటే కావలసిన వస్తువు ఏది, ఎంత పరిమాణం, ఎంత ధర అనే మూడు సంగతులు కొనేవారికీ అమ్మేవారికీ మధ్య తేటతెల్లం కావాలి. మొదటి రెండింటినీ వేలితో చూపించి, చేతులతో కొలిచి తెలియజేయవచ్చు గాని, మూడవది చాలాకాలం అమ్మకందారు నోటిలోనే ఉండిపోయింది. ఆ మాట చెవిన పడనివారికి బజారు గుమ్మం ముందే ఉన్నా దూరమే. ఢిల్లీ నగరంలోనూ, దానిని ఆనుకుని పెరిగిన నోయిడా, గురుగ్రామ్ ప్రాంతాలలోనూ బధిరులు సరుకులు కొన్న తీరును, భోజనం తెప్పించుకున్న తీరును కాలక్రమంలో పరిశీలిస్తే, ధర నోటి నుంచి కాగితం మీదికో తెర మీదికో మారినప్పుడల్లా వారి పని సులువైందనీ, కొత్త పరికరమేదైనా వచ్చి వ్యాపారాన్ని తిరిగి గొంతుకు అప్పగించినప్పుడల్లా కష్టమైందనీ తెలుస్తుంది. ఈ మార్పులలో చాలా భాగం బధిరులను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వాటి వల్ల కలిగిన మేలూ కీడూ వారికి అనుకోకుండా దక్కినవే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ మాటల స్థాయి శబ్దాలకు 70 డెసిబెళ్ళ వినికిడి నష్టం ఉన్నవారు బధిరులు. 60 నుంచి 70 డెసిబెళ్ళ నష్టం ఉన్నవారు మందవినికిడి గలవారు. డెసిబెల్ అనేది ధ్వని తీవ్రతకు కొలమానం. 2011 జనాభా లెక్కలు దేశంలో వినికిడి లోపం ఉన్నవారిని 50 లక్షలకు పైగా చూపించాయి. వినగలిగేవారితో వ్యవహరించడానికి వీరు వాడే సాధనాలు ప్రధానంగా నాలుగు: ఎదుటివారి పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించడం, కాగితం మీద రాసి చూపడం, ఎవరికైనా అర్థమయ్యే సైగలు చేయడం, సంజ్ఞా భాషలో మాట్లాడడం. చివరి రెండూ ఒకటి కావు. సైగ అప్పటికప్పుడు పుట్టే సంకేతం కాగా, సంజ్ఞా భాష తనకంటూ పదజాలమూ వ్యాకరణమూ ఉన్న పూర్తి భాష. బధిరులు తమలో తాము ఈ భాషలో మాట్లాడుకున్నా, దుకాణం మెట్లెక్కగానే సైగలకే దిగవలసి రావడం వారి నిత్యానుభవం.

వ్యాపారానికి మాట తప్పనిసరి కాదని దేశీయ సంప్రదాయమే ఎన్నడో నిరూపించింది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1676లో ప్రచురించిన యాత్రా గ్రంథంలో, దక్కను వజ్రాల గనుల వద్ద వర్తకులు ఎదురెదురుగా కూర్చుని, గుడ్డ కింద చేతులు కలిపి, ఒక్క మాటైనా పలకకుండా బేరం ముగించడాన్ని వర్ణించాడు. మొత్తం చేయి పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలును నడిమి కణుపు వరకే పట్టుకుంటే యాభై, కొనను పట్టుకుంటే పది అని అర్థం. తుండుగుడ్డ మాటున వేళ్ళు పట్టి ఎద్దుల ధర తేల్చే దళారుల పద్ధతి తెలుగునాట పశువుల సంతలలోనూ ఉన్నదే. అయితే ఈ మౌనం పక్కవారికి ధర తెలియకూడదన్న రహస్యం కోసం పుట్టింది గాని చెవి వినపడనివారి కోసం కాదు. పైగా అది పెద్ద సరుకుల వర్తకానికి, ఒకరినొకరు ఎరిగిన బేరగాళ్ళకు పరిమితమైంది.

చిల్లర బజారు తీరు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. షాజహాను కుమార్తె జహనారా 17వ శతాబ్దం నడుమ ఏర్పరచిన చాందినీ చౌక్‌లోనూ, ఆ తరువాత వెలసిన బజారులలోనూ ధరకు స్థిరత్వం లేదు. అమ్మేవాడు కేక వేసి చెప్పడం, కొనేవాడు సగానికి అడగడం, ఇద్దరూ నడిమధ్యన ఒక చోటికి రావడం అన్నదే పద్ధతి. వీధుల్లో తిరిగి అమ్మే ఫేరీవాలాల విషయంలో అయితే వారి రాక సైతం కేక ద్వారానే తెలియాలి కాబట్టి, వినిపించని ఇల్లాలికి కూరల బండి గుమ్మం దాటి వెళ్ళిపోయిన తరువాతే కనిపించేది. ఇటువంటి చోట బధిరులకు ఉన్న ఉపాయాలు రెండే. ఇంట్లోవారిని వెంట తీసుకువెళ్ళి బేరం వారికే వదిలిపెట్టడం మొదటిది. అప్పుడు సరుకు ఇంటికి వచ్చినా, ఎంపికలోనూ బేరంలోనూ కొన్న మనిషికి భాగం ఉండదు. తమకు తెలిసిన ధరకంటే పెద్ద నోటు ఇచ్చి, తిరిగి చేతికి వచ్చిన చిల్లరను లెక్కపెట్టి ధరను ఊహించుకోవడం రెండవది. ఇందులో మోసం జరిగినా అది బయటపడేది డబ్బు చేయి మారిన తరువాతనే.

చదువు ఈ కష్టాన్ని తీరుస్తుందన్న ఆశ 19వ శతాబ్దం చివర కలిగింది. భారతదేశంలో తొలి బధిర పాఠశాల 1880 దశకంలో బొంబాయిలోను, మరొకటి 1893లో కలకత్తాలోను వెలసిన కాలానికి, బధిర విద్యపై 1880లో జరిగిన మిలాన్ అంతర్జాతీయ సభ సంజ్ఞలను పక్కకు నెట్టి, పెదవులు చదవడం, నోటితో పలకడం మాత్రమే నేర్పాలన్న వాదానికి పట్టం కట్టింది. ఫిరోజ్ షా కోట్లా సమీపంలోని లేడీ నాయిస్ పాఠశాలతో ఢిల్లీలో మొదలైన బధిర విద్య కూడా ఆ ప్రభావం నుంచి తప్పించుకోలేదు. తరగతి గదిలో గురువు ముఖం వెలుతురులో నిలకడగా ఉంటుంది. బజారులో అమ్మేవాడు తక్కెడ వైపు వంగి, పాన్ నములుతూ, ఇంకొకరితో మాట్లాడుతూ ధర చెబుతాడు. పైగా ప, బ, మ అక్షరాలను పలికేటప్పుడు పెదవులు ఒకే విధంగా కలుస్తాయి. హిందీలో ఏడును తెలిపే సాత్, అరవైని తెలిపే సాఠ్ చూపుకు దాదాపు ఒకటే. కిలో టమాటాలు ఏడు రూపాయలో అరవై రూపాయలో సందర్భాన్ని బట్టి ఊహించుకోవచ్చు గాని, కొత్త వస్తువు కొనేటప్పుడు ఆ ఆధారమూ ఉండదు. రాసి చూపుదామన్నా లిపి అడ్డుపడే సందర్భాలు తక్కువేమీ కావు: దేశ విభజన తరువాత పశ్చిమ పంజాబు నుంచి వచ్చి ఢిల్లీలో దుకాణాలు పెట్టుకున్న తరంలో ఉర్దూ మాత్రమే చదవగలిగినవారు ఎందరో ఉండగా, బడికి వెళ్ళిన బధిర బాలలు నేర్చింది నాగరి లిపి.

1941లో 9.18 లక్షలుగా ఉన్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17.44 లక్షలకు చేరింది. కాందిశీకులతో, ఉద్యోగాలకు వచ్చినవారితో నిండిన ఈ కొత్త నగరంలోనే బధిరుల సంఘాలు బలపడ్డాయి. 1955లో అఖిల భారత బధిరుల సమాఖ్య, 1973లో ఢిల్లీ బధిర మహిళల సంస్థ ఏర్పడ్డాయి. హిమాచల్ ప్రాంతపు పల్లె నుంచి ఈ నగరానికి వచ్చి, ఇక్కడి బధిరుల మధ్య సంజ్ఞా భాష నేర్చుకున్న మదన్ వశిష్ఠ తరువాత అమెరికాలో విద్యావేత్తగా ఎదిగి, 1970 దశకం చివర సహపరిశోధకులతో కలిసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు నగరాల సంజ్ఞలను పోల్చి చూపారు. ఆ అధ్యయనం, వాటి తేడాలు ఎన్ని ఉన్నా అవి పరస్పరం దగ్గరి చుట్టాలని తేల్చింది. దుకాణంలో ఏం జరుగుతుందన్న ప్రశ్నను పరిశోధకులు పట్టించుకున్నది మాత్రం చాలా ఆలస్యంగా. ముంబైలో బధిర కొనుగోలుదారులు, వినగలిగే వర్తకులు సైగ, పెదవి కదలిక, రాత, వస్తువును చూపడం అన్నింటినీ కలగలిపి పని జరుపుకునే తీరును అనెలీస్ కుస్టర్స్ 2010 దశకంలో నమోదు చేసి, ఆ సైగల సంభాషణ బధిరుడు ఒక్కడే మోసే బరువు కాదనీ, అలవాటు పడిన వర్తకుడూ దానిలో సగం పాలు పంచుకుంటాడనీ చూపారు. ఢిల్లీ బజారుకూ ఇదే వర్తిస్తుంది. చిక్కల్లా ఆ అలవాటు లేని వర్తకుడితోనే.

ఈలోగా ప్రభుత్వం తన అవసరాల కోసం తీసుకున్న కొన్ని నిర్ణయాలు ధరను క్రమంగా కంటి ముందుకు తెచ్చాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి, రూపాయికి పదహారణాల లెక్క పోయి నూరు పైసల లెక్క రావడం, 1958లో మొదలై 1962 నాటికి సేర్లు, పావుల స్థానంలో కిలోలు, గ్రాములు స్థిరపడడం వల్ల వేళ్ళతో చూపే అంకె, నాణెం మీది అంకె, తూకపు రాయి మీది అంకె ఒకే దశాంశ పద్ధతిలో నడిచాయి. 1966లో మొదలైన సూపర్ బజార్ వంటి సహకార దుకాణాలలో బేరం లేదు, నిర్ణీత ధర మాత్రమే. 1974లో ఏర్పడిన మదర్ డెయిరీ ఢిల్లీ కాలనీలలో నెలకొల్పిన పాల బూత్‌లలో కొనేవారు టోకెన్ తీసుకుని, యంత్రపు రంధ్రంలో వేసి, కింద గిన్నె పట్టుకుంటే కొలిచినన్ని పాలు వచ్చి ఆగిపోయేవి. వినేవారూ విననివారూ అనే తేడా లేకుండా ఆ వరుసలో అందరూ నోరు విప్పకుండానే పాలు పట్టుకుని వెళ్ళేవారు. 1977 నాటి ప్యాకెట్ సరుకుల నియమాలు పొట్లం మీద పరిమాణమూ ధరా ముద్రించాలన్నాయి. 1990లో చేసిన సవరణ అన్ని పన్నులనూ కలుపుకున్న గరిష్ఠ చిల్లర ధరను, అంటే జనం ఎంఆర్‌పీ అని పిలిచే అంకెను స్థిరపరచింది. ఆ అంకె వినియోగదారులందరి రక్షణకు ఉద్దేశించినదే అయినా, అడగకుండానే ధర తెలుసుకునే వీలు బధిరులకు దాని వల్ల కలిగింది. పొట్లంలోకి ఎక్కని కూరగాయలు, బట్టల విషయంలో ఆ పని చవక కాలిక్యులేటర్ చేసింది: సరోజినీ నగర్ వంటి బజారులో అమ్మేవాడు అంకె నొక్కి చూపిస్తే, కొనేవారు అదే యంత్రంలో అంతకు తక్కువ అంకె నొక్కి తిరిగి ఇవ్వడంతో, ధర తెలుసుకోవడమే కాక బేరమాడడమూ సాధ్యపడింది.

భోజనం సంగతి కొంత వేరు, ఎందుకంటే అక్కడ వస్తువు వంటింట్లో ఉంటుంది. ఢిల్లీ ఢాబాలో ఆ పూట వండిన వంటకాల జాబితా వడ్డించే కుర్రవాడు గుక్కతిప్పుకోకుండా చదివే మాటల్లోనే ఉండేది. ముందు వరుసలో మూతలు తీసి పెట్టిన గిన్నెలను, పక్క బల్ల మీది పళ్ళేన్ని వేలితో చూపడమే బధిరులకు మిగిలిన దారి. ముందుగా కూపన్ కొని, అందరికీ ఒకే భోజనం వడ్డించే ఆంధ్రా భవన్ క్యాంటీన్ వంటి చోట ఈ ఇబ్బంది చాలావరకు లేదు. అక్కడ ఇంకొంచెం కావాలంటే పళ్ళెం వైపు చూపితే చాలు, వద్దంటే దానికి చేయి అడ్డుపెడితే చాలు, ఈ రెండు సైగలూ తెలుగు బంతిభోజనాలలో వినగలిగేవారు కూడా తరతరాలుగా వాడుతున్నవే.

1996 సంవత్సరం ఈ చరిత్రలో రెండు విరుద్ధ మార్గాలను ఒకేసారి చూపింది. ఆ జనవరిలో న్యూఢిల్లీలో తొలి దుకాణం తెరచిన డామినోస్, ఫోను చేస్తే పిజ్జా ఇంటికి వచ్చే అలవాటును నగరానికి నేర్పింది. అక్టోబరులో వసంత విహార్‌లో తెరుచుకున్న మెక్‌డొనాల్డ్స్, కౌంటరు మీద వెలిగే బొమ్మలూ ధరలూ చూసి ఎంచుకునే అలవాటును నేర్పింది. మొదటి సౌకర్యం నగరంలో ఎవరికైనా అందుబాటులో ఉన్నట్టే కనిపించినా బధిరులకు దాని తలుపు మూసుకుపోయింది. రెండవదానిలో బొమ్మ మీద వేలు పెట్టి, ఎన్ని కావాలో వేళ్ళతో చూపితే పని అయిపోయేది. ఆ తరువాత సెల్‌ఫోన్లలో వచ్చిన సంక్షిప్త సందేశాలు బధిరుల మధ్య దూరాన్ని చెరిపివేసినా, దుకాణాలు ఫోను పిలుపులనే కోరుకున్నంత కాలం ఆహారం తెప్పించుకోవడం మరొకరి సాయం మీదే ఆధారపడింది. 2008లో ఢిల్లీలో హోటళ్ళ వంటకాల జాబితాల వెబ్‌సైటుగా పుట్టి, 2010లో జొమాటోగా పేరు మార్చుకున్న సంస్థ 2015లో ఆర్డర్ల సేవ ప్రారంభించాక, అటువంటి యాప్‌ల వల్ల ఎంపిక, ధర, చెల్లింపు మొత్తం తెర మీదికి వచ్చాయి. చివరి మెట్టులో మాత్రం పాత అడ్డంకే మళ్ళీ ఎదురైంది: బ్లాకులు, పాకెట్లు, గేట్లతో చిక్కుపడిన ఢిల్లీ చిరునామాలలో దారి తెలియని డెలివరీ మనిషి ఫోను చేస్తాడు, అవతల ఎత్తి జవాబు చెప్పేవారు ఉండరు, చాలామంది బధిరులు ఫోను చేయవద్దని, సందేశం పంపమని ముందే రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు.

అదే కాలంలో బధిరులు కౌంటరుకు ఇవతలే కాక అవతల కూడా కనిపించసాగారు. జాతీయ బధిరుల సంఘం వేసిన వ్యాజ్యంపై ఢిల్లీ హైకోర్టు 2011 ఫిబ్రవరిలో, పరీక్షలో నెగ్గిన బధిరులకు డ్రైవింగ్ లైసెన్సు నిరాకరించరాదని తేల్చడంతో ద్విచక్రవాహనం మీద సరుకులు అందించే పనికి చట్టపరమైన దారి తెరుచుకుంది. 2005లో మొదలైన నోయిడా డెఫ్ సొసైటీ వంటి సంస్థలు యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చాయి. 2015 చివర సత్యనికేతన్‌లో ప్రారంభమైన ఎకోస్ అనే కెఫేలో వడ్డించేవారు బధిరులు. వచ్చినవారు బల్ల దగ్గరి మీట నొక్కి దీపం వెలిగించి పిలవాలి, ప్రతి వంటకానికీ ఇచ్చిన సంకేతాన్ని కాగితం మీద రాసి ఇవ్వాలి, నీళ్ళు, బిల్లు వంటి వాటికి అట్టలు ఎత్తి చూపాలి. సాధారణంగా బధిరుల మీద పడే సర్దుబాటు ఇక్కడ వినగలిగేవారి మీద పడింది. అది అంత భారమైనదేమీ కాదని కూడా తేలింది.

అయినా లాభం ఒకే దిశలో సాగలేదు. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీలో మాస్కు తప్పనిసరి కావడంతో పెదవులు చదివేవారికి బజారు మొత్తం ఒక్కసారిగా మూగబోయింది. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపులు నోట్లు, చిల్లర అవసరాన్ని తగ్గించి మేలు చేసినా, డబ్బు అందిందని గొంతుతో ప్రకటించే పెట్టెలు దుకాణాలలో వ్యాపించాక, బధిరుడైన చిన్న వ్యాపారి మాత్రం ప్రతి చెల్లింపుకూ తన ఫోను తెర చూసి నిర్ధారించుకోవలసిందే. భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడి, 2018లో 3,000 పదాలతో వెలువరించిన నిఘంటువును 2021 నాటికి 10,000 పదాలకు పెంచింది. ఆ భాష తరగతి గదికి, న్యాయస్థానానికి చేరుతున్నంత వేగంగా కిరాణా కొట్టుకు చేరదు, చేరాలని ఆశించడమూ న్యాయం కాదు.

కాబట్టి బజారు విషయంలో చట్టం చేయగలిగే పని వేరే ఉంది. 2016 చట్టంలోని 46వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు సేవా సంస్థలన్నీ నియమాలు వెలువడిన రెండేళ్ళలో అందుబాటు ప్రమాణాలు పాటించాలన్నది. 2017లో నియమాలు వచ్చాయి, 2019లో గడువు ముగిసింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, ఆ నియమాలు తప్పనిసరి ప్రమాణాలకు బదులు సలహాలతో సరిపెట్టాయని ఎత్తిచూపి, సంబంధిత నిబంధనను కొట్టివేసి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. అందుబాటు అనగానే చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి, మెట్లు, తలుపుల వెడల్పు గుర్తుకు వచ్చే చోట, టోకెన్ నంబరు కేకతో పాటు తెర మీద కూడా కనిపించాలన్నది, ఫోను పిలుపు ఉన్న ప్రతిచోటా సందేశం పంపే వీలు ఉండాలన్నది, తూకపు అంకె కొనేవారి వైపు కూడా తిరిగి ఉండాలన్నది సాధారణంగా చర్చకు రాదు. పాల టోకెన్, ముద్రించిన ధర, బొమ్మల పలక ఢిల్లీ బజారులోకి వచ్చినప్పుడు బధిరులు ఎవరి ఆలోచనలోనూ లేరు. ఇకపై వచ్చే ప్రమాణాలకు ఆ సాకు చెల్లదు.